రెండు చుక్కల శలభం, మూడు చుక్కల పెంకుపురుగు

కృష్ణ కాలువ నీరు పారే వరిమడిలో ఎన్నో పురుగులు కాపురముంటాయి. వాటిలో రెండింటి చరిత్రను పక్కపక్కన పెట్టి చూడాలని ఈ వ్యాసం. మొదటిది వరికాండాన్ని తొలిచే పసుపుపచ్చని శలభం. రెండవది అదే మడిలో, అదే దుబ్బు మొదట, నీటిలో మునిగి తేలే నల్లని పెంకుపురుగు. శాస్త్రజ్ఞులు మొదటిదానికి పెట్టిన పాత పేర్లలో ఒకదానికి "రెండు చుక్కలు కలది" అని అర్థం. రెండవదాని పేరుకు "మూడు చుక్కలది" అని అర్థం. శలభం గురించి నూరేళ్ళకు పైగా వ్రాస్తూనే ఉన్నారు. పెంకుపురుగు గురించి తెలుగులో వ్రాసినది బహు స్వల్పం. ఇంత తేడా ఎందుకు వచ్చిందన్నదే ప్రశ్న. దానికి జవాబు పురుగులలో కంటె మన వ్రాత అలవాట్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ముందు నేల సంగతి. తెనాలి, బాపట్ల, రేపల్లె అనే మూడు ఊళ్ళను గీతలతో కలిపితే ఏర్పడే త్రికోణంలో కృష్ణా పశ్చిమ డెల్టా కొంత భాగం ఇమిడిపోతుంది. ఈనాటి లెక్కలో తెనాలి గుంటూరు జిల్లాలోనిది. తక్కిన రెండూ 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోనివి. తెలుగు చదువరికి తెనాలి అనగానే కవులు, నాటకాలు, అచ్చుకూటాలు గుర్తుకు వస్తాయి. బాపట్ల అనగానే వ్యవసాయ కళాశాల, రేపల్లె అనగానే నది సముద్రంలో కలిసే తావు గుర్తుకు వస్తాయి. ఈ మూడింటినీ కలిపే సూత్రం మాత్రం నీరు. తెనాలి పట్టణం గుండానే మూడు కాలువలు పారుతాయి.

ఈ నీరు ఎల్లకాలం ఉన్నది కాదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, వచ్చిన కరువును మనవాళ్ళు డొక్కల కరువు అన్నారు. గుంటూరు సీమ జనాభాలో సుమారు మూడవ వంతు నశించినట్లు చరిత్రకారులు చెబుతారు. పక్కనే కృష్ణ పారుతున్నా పొలానికి నీరెక్కే దారి లేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు, 1852లో, ఆర్థర్ కాటన్ ప్రేరణతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ వద్ద ఆనకట్ట పని మొదలై 1855లో పూర్తి అయినది. ఆ ఆనకట్టకు 1952లో గండి పడగా, 1954-57 మధ్య ప్రకాశం బ్యారేజి కట్టారు. వాన మీద ఆధారపడిన మెట్ట చేలు మాగాణి అయినాయి. దుగ్గిరాల దిగువన కాలువలు, వాటి క్రింద పంటబోదెలు, బోదెల క్రింద మడులు, మడులు దాటిన తర్వాత మురుగు కాలువలు అల్లుకొన్నాయి. ఏటా కొన్ని నెలలపాటు వేల ఎకరాలలో అడుగు లోతులోపు నిలిచే మంచినీటి కొలను ఒకటి కొత్తగా పుట్టింది. దాని మధ్య ఒకే జాతి గడ్డి, అంటే వరి, ఎడతెగకుండా పెరిగింది. మన కథలోని రెండు పురుగులకూ ఇంతకంటె పెద్ద ఇల్లు ఎవరూ కట్టి ఇవ్వలేదు.

ఇక పురుగుల సంగతి. శలభాన్ని రైతులు ఆడదాని రూపంతోనే గుర్తుపడతారు. లేత పసుపు ముందురెక్కలు, ఒక్కొక్క రెక్క మీద ఒక్కొక్క నల్లచుక్క. మగది చిన్నది, రంగు వెలిసినట్లుంటుంది, చుక్క స్పష్టంగా కనిపించదు. రాత్రిపూట ఎగురుతుంది. దీపం కనబడితే చేరుతుంది. వరి ఆకు కొసకు దగ్గరగా పదుల కొద్దీ గుడ్లను కుప్పగా పెట్టి, తన పొట్ట చివరి నూగుతో కప్పుతుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్లపురుగులలో కొన్ని సన్నని దారానికి వ్రేలాడి గాలి వాటున పక్క దుబ్బుకు చేరతాయి. చేరినది కాండంలోకి తొలుచుకొని పోయి లోపలే తిని, లోపలే పెరిగి, లోపలే కోశం కట్టుకొంటుంది. పిలక దశలో తొలిస్తే మొవ్వ ఎండిపోతుంది. పొట్ట దశ దాటిన తర్వాత తొలిస్తే వెన్ను తెల్లగా, తాలుగా నిలబడుతుంది. మొదటి నష్టాన్ని పైరు కొంతవరకు కొత్త పిలకలతో పూడ్చుకొనగలదు, రెండవదాన్ని పూడ్చుకొనలేదు. తెల్లకంకి కనబడేనాటికి చేయగలిగినది ఏమీ ఉండదు. రెక్కలు వచ్చిన తర్వాత శలభం బ్రతికేది కొద్ది రోజులే.

పెంకుపురుగు జీవితం ఇందుకు తలక్రిందులు. అంగుళం పొడవు; పచ్చఛాయ కలిగిన నలుపు; ఒంటి చుట్టూ పసుపు అంచు; పడవ అడుగు వంటి నునుపైన ఆకారం. వెనుక కాళ్ళకు వెంట్రుకల కుచ్చులుండి అవి తెడ్లలా పని చేస్తాయి. చేపలా నీటిలోని గాలిని పీల్చుకొనే శక్తి పెద్దపురుగుకు లేదు. అందుచేత మాటిమాటికీ పైకి వచ్చి, తోక భాగాన్ని మాత్రం నీటి పైకి ఎత్తి, పెంకు రెక్కల క్రింద గాలిని నింపుకొని మళ్ళీ మునుగుతుంది. మగదాని ముందు కాళ్ళకు పట్టు బిళ్ళలుంటాయి. ఈ కుటుంబపు పురుగుల ముందు కాళ్ళను గురించి 1871లో డార్విన్ సైతం మానవ పరిణామం మీద వ్రాసిన గ్రంథంలో ప్రస్తావించాడు. దీని పిల్లపురుగు తల్లిని మించిన వేటగాడు. కొడవళ్ళ వంటి బోలు దవడలతో ఎరను పట్టి, జీర్ణరసాన్ని ఎర ఒంట్లోకి ఎక్కించి, కరిగిన మాంసాన్ని పీల్చుకొంటుంది. దోమపిల్లలు, తోకకప్పలు, ఇతర నీటిపురుగులు, దొరికితే చిన్న చేపపిల్లలు దీనికి ఆహారం. పెరిగిన తర్వాత ఒడ్డు బురదలో గూడు చేసుకొని కోశస్థ దశ గడుపుతుంది. పెద్దపురుగు అనుకూలిస్తే ఏడాదికి మించి బ్రతుకుతుంది.

ఇంత భేదమున్నా రెండింటి పంచాంగమూ కాలువదే. కాలువలు కట్టేసిన వేసవి నెలలలో శలభపు పిల్లపురుగు వరి మోళ్ళలో, భూమికి అంటిన కణుపు లోపల, నిద్రలో ఉంటుంది. పెంకుపురుగు ఎండిన మడిని విడిచి, రాత్రివేళ ఎగిరి, నీరున్న చెరువునో కుంటనో వెదుక్కొంటుంది. అవును, ఈ నీటిపురుగుకు మంచి రెక్కలున్నాయి. ఇది కూడా దీపానికి వస్తుంది. కాలువకు నీరు వదలగానే ఒకటి మోడులో మేలుకొంటుంది. రెండవది మడికి తిరిగి వస్తుంది.

మరి ఇవి మన అక్షరాలలోకి ఎట్లా వచ్చాయి? శలభానికి పాత పరిచయం ఉన్నది. మన పెద్దలు చెప్పిన ఆరు ఈతిబాధలలో అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, చిలుకలు, ఇరుగు పొరుగు రాజులతో పాటు శలభాలు కూడా ఉన్నాయి. ఆ మాటకు అక్కడ మిడత అనే అర్థమే ప్రధానం. మంటలో పడే పురుగు అనే అర్థంలో కవులు దానిని మరో దారిన తెచ్చుకొన్నారు. భగవద్గీత పదకొండవ అధ్యాయంలోనే మంటలోకి దూకే పతంగాల ఉపమానమున్నది. ఒక దారిలో పంటకు శత్రువు, మరొక దారిలో మోహానికి గుర్తు: ఏ దారిన వచ్చినా మనిషికి అవసరపడినందువల్లనే శలభం సాహిత్యంలోకి వచ్చింది. నీట మునిగి పైకి వచ్చి గాలి నింపుకొనే పురుగు ఏ కవికీ అట్లా అవసరపడలేదు.

దొరల కాలంలోనూ ఇదే వరుస. విశాఖపట్నంలో ఉండిన పాట్రిక్ రస్సెల్ 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద, 1803లో విశాఖపట్నం చేపల మీద పెద్ద గ్రంథాలు వెలువరించాడు. పాములకు తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరాలలో అచ్చు వేశాడు. ఆయన వ్రాసిన "బంగారు పాము" అన్న మాట నుండే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే శాస్త్రనామం వచ్చింది. పాము కరుస్తుంది, చేప కూరకు వస్తుంది; అందుచేత రెంటికీ తెలుగు పేర్లు దక్కాయి. పురుగుల దగ్గరకు వచ్చేసరికి ఆ భాగ్యం లేకపోయింది. లిన్నేయస్ శిష్యుడైన యోహాన్ కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, ఈ తీరంలో ఏరిన పురుగులను ఐరోపాకు పంపాడు. డెన్మార్క్ పండితుడు ఫాబ్రీషియస్ వాటిలో అనేకం వర్ణించాడు. కోనిగ్ 1785లో మన కాకినాడ వద్ద జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. ఆ పురుగులు ఓడ ఎక్కినప్పుడు వాటి ఊరి పేర్లు ఒడ్డునే మిగిలిపోయాయి.

మన పెంకుపురుగుకు 1795లో ఫ్రెంచి పండితుడు ఒలివియే "మూడు చుక్కలది" అనే అర్థం వచ్చేటట్లు ట్రైపంక్టేటస్ అని పేరు పెట్టాడు. ఈనాటి శాస్త్రంలో అది సిబిస్టర్ అనే ప్రజాతిలో ఉన్నది. శలభానికి 1863లో, బ్రిటిష్ మ్యూజియం జాబితాలు వ్రాసిన ఫ్రాన్సిస్ వాకర్ ఇన్‌సర్టులస్ అని పేరు పెట్టాడు. ఆ ఏడాదే ఆయనే, అదే పురుగని పోల్చుకొనక, బైపంక్టిఫెర అని, అంటే "రెండు చుక్కలు మోసేది" అని, మరొక పేరు కూడా పెట్టాడు. ఈ రెండవ పేరు వ్యవసాయ గ్రంథాలలో చాలాకాలం నడిచింది. చివరకు నిలిచినది స్కర్పోఫాగ ఇన్‌సర్టులస్. గమనించదగిన సంగతి ఏమంటే, శాస్త్రనామం విషయంలో పెంకుపురుగే శలభం కంటె 68 ఏళ్ళు పెద్దది. పేరు ముందు పుట్టినంత మాత్రాన చరిత్ర ముందు పుట్టదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇరవయ్యవ శతాబ్దం రాగానే శలభం ఒక్కసారిగా ముందుకు వచ్చింది. 1906లో లెఫ్రాయ్ భారతదేశపు చీడల మీద పుస్తకం వ్రాశాడు. 1914లో, అంతకుముందు మద్రాసు ప్రభుత్వ కీటకశాస్త్రజ్ఞుడుగా పని చేసిన బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ దక్షిణ భారత కీటకాల మీద మరొకటి వెలువరించాడు. 1940లో టి.వి.రామకృష్ణ అయ్యర్ దక్షిణ భారతానికి ఆర్థిక కీటకశాస్త్ర కరదీపికను అందించారు. ఈ "ఆర్థిక" అనే విశేషణం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ధాన్యపు బస్తాలో ఎన్ని శేర్లు తగ్గించినది అన్న లెక్కకు అందిన పురుగుకే అక్కడ పెద్దపీట. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల ఏర్పడింది. ఆంధ్ర ప్రాంతానికి అదే మొట్టమొదటిది. అక్కడి విద్యార్థుల పాఠాలలో శలభం ఉండక తప్పదు. రైతుల నోట దాని పనులకు అప్పటికే మాటలున్నాయి: మొవ్వ చచ్చింది, ఊస తిరిగింది, తెల్లకంకి పడింది. కాండం తొలుచు పురుగు, మొగి పురుగు, తల్లిపురుగు అని శాస్త్రజ్ఞుల తెలుగూ రైతుల తెలుగూ కలిసిపోయాయి. పెంకుపురుగు మాత్రం వాడుకలో "నీటిపురుగు" అనే గుంపుపేరు క్రిందనే ఉండిపోయింది.

శలభాన్ని ఎదుర్కొన్న పాత పద్ధతులు పెంకుపురుగు జోలికి పోయేవి కావు. గుడ్లు ఆకు కొసన ఉంటాయి కనుక నారు కొసలు తుంచి నాటడం. మోళ్ళలో పురుగు ఉంటుంది కనుక వరిని నేలకంట కోసి, వెంటనే దున్నడం. దీపపు ఎరలు పెట్టడం. ఇవీ ఆ ఉపాయాలు. దీపపు ఎరలో పెంకుపురుగు పడినా మడి నీరు మాత్రం చెడేది కాదు.

1960ల తర్వాత లెక్క మారింది. పొట్టి వంగడాలు వచ్చాయి. వాటికి నత్రజని ఎక్కువ వేశారు. లేతగా, దట్టంగా పెరిగిన పైరు శలభానికి విందు అయింది. మందులు వచ్చాయి. ఎండ్రిన్ అనే మాట తెలుగు పల్లెలలో ఎంత లోతుగా నాటుకొన్నదో, ఎన్ని ఇళ్ళలో అది పురుగుల మందుగా గాక మనుషుల మందుగా గుర్తున్నదో చదువరులకు వేరే చెప్పనక్కరలేదు. అది చేపలకు మహా విషం. దేశంలో దానిని 1990లో నిషేధించారు. ఈలోపల 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుండి బీపీటీ 5204, అదే సాంబ మసూరి, విడుదలయింది. సన్నని గింజ, మంచి వంట. తెలుగువాడి అన్నం రుచినే మార్చివేసిన వంగడం. అయితే చీడపీడలకు తట్టుకొనే శక్తి దానికి తక్కువ. ఆ తక్కువను మందుతో పూడ్చుకొనడం అలవాటు అయింది.

కాండం లోపలి పురుగుకు పిచికారీ అందదు. అందుకని గుళికల మందు వచ్చింది. ఎకరానికి ఇన్ని కిలోల కార్బోఫ్యూరాన్ గుళికలు అని పలుచగా నీరు నిలిపిన మడిలో చల్లాలి. మందు నీటిలో కరిగి, వేళ్ళ ద్వారా కాండానికి ఎక్కి, లోపలి పురుగుకు చేరాలి. యుక్తి మంచిదే. కాని దారి చూడండి: శలభపు పిల్లను చేరబోయే మందు ముందుగా చేరేది ఎక్కడికి? నీటికి. ఆ నీటిలో ఉన్నదెవరు? పెంకుపురుగు, దాని పిల్ల, తూనీగ పిల్ల, ఇతర వేటపురుగులు. గుడ్డు నుండి వచ్చి దారానికి వ్రేలాడుతూ నీటిలో జారిపడిన శలభపు పిల్లలను తినేవి ఇటువంటి నీటి వేటపురుగులే. దోమపిల్లలను తినేవీ అవే. కాండంలోని దొంగ కోసం వేసిన శిక్ష మొదట వీధిలోని తలారికి పడింది. దొంగ నష్టం లెక్కలో ఉన్నది. తలారి నష్టానికి గడి లేదు.

పెంకుపురుగును సాధువుగా చిత్రించవలసిన పని లేదు. తోకకప్పను తింటుంది, ఆ తోకకప్పే పెరిగితే కప్పై వందల పురుగులను తినేది. మడికి ఇది చేసే మేలును బస్తాలలో కొలిచి చెప్పడమూ సులభం కాదు. అందువల్లనే చరిత్రలో దీనికి చోటు దొరకలేదని అనుకొనే లోపల ఒక విచిత్రం జరిగింది. 1980ల నుండి కృష్ణా, గోదావరి డెల్టాలలో చేపల చెరువులు విస్తరించాయి. చేపపిల్లల చెరువులో ఈ పురుగు పడితే అంగుళంలోపు పిల్లలను వేటాడుతుంది. వెంటనే దీనికి మత్స్యశాఖల కరదీపికలలో స్థానం దొరికింది: శత్రువుల జాబితాలో! నివారణ కూడా వ్రాశారు: హెక్టారుకు 56 కిలోల నూనెను 18 కిలోల సబ్బుతో కలిపి నీటి మీద చల్లాలి. నూనె పొర పైన పరచుకొంటుంది. గాలి కోసం పైకి వచ్చిన పురుగు ఊపిరి అందక చస్తుంది. నీటిలో బ్రతకడానికి దానికి తోడ్పడిన విద్యనే దాని చావుకు తాళంచెవి చేశారు. అక్కడ నర్సరీ యజమానిని తప్పు పట్టలేము. పిల్లలు పోతే ఆయన ఏడాది పోయినట్లే. చెప్పదలచినది ఇంతే: వందేళ్ళు వరిమడిలో ఉన్నా పుస్తకానికి ఎక్కని జీవి, హాని చేసిన మరుక్షణం ఎక్కింది.

కనుక ఈ రెండు పురుగుల చరిత్ర పక్కపక్కన పెడితే తేలేది ఏమిటి? మనం వ్రాసుకొన్నది పురుగుల చరిత్ర కాదు, మన నష్టాల చరిత్ర. ఈతిబాధల కాలం నుండి ఆర్థిక కీటకశాస్త్రం దాకా, రస్సెల్ పాముల నుండి మత్స్య కరదీపికల దాకా జాబితా పేరు మారిందే గాని సూత్రం మారలేదు. ఇందువల్ల నష్టమేమని అడగవచ్చు. నష్టమున్నది. పేరు లేనిది పోయినా పోయినట్లు తెలియదు. శలభం ఒక ఏడాది తగ్గితే అందరూ గుర్తిస్తారు, మరుసటి ఏడాది పెరిగితే పత్రికలు వ్రాస్తాయి. పెంకుపురుగు ఒక బోదె క్రింద పూర్తిగా లేకుండా పోతే, ఆ సంగతి చెప్పడానికి మనకు మాటే లేదు.

పరిస్థితి పూర్తిగా నిరాశాజనకం కాదు. శలభపు గుడ్ల మీద బ్రతికే ట్రైకోగ్రామా జపానికం అనే కంటికి ఆనని కందిరీగ జాతిని పెంచి, అట్టల మీద అంటించి పొలంలో వ్రేలాడదీసే పద్ధతి ఉన్నది. మగ శలభాలను మోసగించే లింగాకర్షక బుట్టలున్నాయి. ఇవి నీటిని తాకవు. 2016 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం ప్రభుత్వ కార్యక్రమంగా కూడా నడుస్తున్నది. నీటి పెంకుపురుగుల శాస్త్రమూ ఆగలేదు, టి.జి.వజీరాణి 1977లో ఆసియా ప్రాచ్య ప్రాంతపు ఈ కుటుంబానికంతటికీ పట్టిక కూర్చారు. లేనిది తెలుగు పేజీ ఒక్కటే. దానిని ఇంగ్లీషు చదివిన కీటకశాస్త్రజ్ఞుడే వ్రాయాలని నియమం లేదు. బోదెగట్టున పెరిగి, నారుమడి తొక్కి, ఈనాడు ఎక్కడో దూరదేశంలో కూర్చుని తెలుగు టైపు చేస్తున్న మనలో ఎవరైనా వ్రాయవచ్చు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల చదువరులకు ఒక మనవి. తోక పైకెత్తి గాలి పీల్చి మునిగే ఈ నల్లని పురుగును మీ ఊళ్ళో, మీ అమ్మమ్మ, తాతయ్యల నోట ఏమని పిలిచేవారో గుర్తుంటే క్రింద వ్రాయండి. ఏ ఊరి మాటో కూడా వ్రాయండి. శలభానికి పది పేర్లున్నాయి. దీనికి ఒక్కటి దొరికినా చాలు.